మధ్య కుర్చీ

"అమ్మమ్మా, పాలు అయిపోయాయని మీ అమ్మాయితో చెప్పు."

ఆ 'మీ అమ్మాయి' అనే మనిషి అదే వంటింట్లో, చేయి చాస్తే తగిలేంత దగ్గర్లో, స్టవ్ ముందు నిలబడి ఉంది.

"సాయంత్రం వచ్చేటప్పుడు తెస్తానని దానితో చెప్పమ్మా," అంది కూతురు గిన్నెలోకి చూస్తూ.

"సాయంత్రం తెస్తుందటే," అంది అమ్మమ్మ మనవరాలితో. తాను అందిస్తే తప్ప ఇద్దరూ అక్కణ్ణుంచి కదలరని ఈ మూడు రోజుల్లో ఆవిడకు బాగా తెలిసొచ్చింది.

మనవరాలు సంచీ భుజాన వేసుకుని, మూతి ముడుచుకుని బడికి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళ పిల్ల. ఇంట్లో దాన్ని వసపిట్ట అంటారు. నిద్రలో తప్ప నోరు మూయని ఆ పిల్ల సోమవారం నుంచి తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. తల్లీ తక్కువ తినలేదు.

సోమవారం సాయంత్రం ఆ గదిలో ఏం జరిగిందో అమ్మమ్మకు అంతు చిక్కలేదు. కేకలు వినపడ్డాయి. అన్నీ ఇక్కడి భాషలో. వీళ్ళిద్దరూ గారంగా ఉన్నప్పుడు తెలుగులో మాట్లాడుకుంటారు, పోట్లాటకు మాత్రం ఈ దేశం భాషలోకి దిగిపోతారు. ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నా ఆ భాష అమ్మమ్మకు కుట్టుదుకాణానికి సరిపడేంతే వచ్చు. పొడుగు, పొట్టి, నడుము, బిగుతు, రేపు రండి. సోమవారం నాటి కేకల్లో ఆ మాటలేవీ దొర్లలేదు. చివర్లో తలుపు దడాలున పడింది. దానికి ఏ భాషా అక్కర్లేదు.

అల్లుణ్ణి అడిగితే తేలుతుందేమోనని మర్నాడే అడిగి చూసింది. అల్లుడు బస్సు డ్రైవరు. రోజుకు ఎనిమిది గంటలు ఊరంతా తిరిగొచ్చి, ఇంట్లో మాత్రం ఏ దారిలోకీ వెళ్ళకుండా మధ్యలో నిలబడే మనిషి.

"పుస్తకం గొడవ అత్తయ్యగారూ," అన్నాడు.

"పుస్తకంలో ఏముంది?"

"నేను చదవలేదండీ. చదివితే ఎవరో ఒకరి పక్కన మాట్లాడాల్సి వస్తుంది."

కూతురు పిల్లల కోసం నవలలు రాస్తుంది. ఎక్కణ్ణుంచో వచ్చి కొత్త దేశంలో కాపురం పెట్టిన కుటుంబాల గురించి, గడప లోపల ఒక తీరుగా, గడప దాటాక ఇంకో తీరుగా పెరిగే పిల్లల గురించి. మూడు అచ్చయ్యాయి. ఆ మూడింటికీ ఇంట్లో ఒక్క గరిటె కూడా చప్పుడు చేయలేదు. నాలుగోదాని ప్రూఫు పోయిన వారం వచ్చింది, విడి కాగితాల దొంతర, పైన నల్ల క్లిప్పు. గురువారం సాయంత్రం ఆరింటికి ఎడిటర్ ఫోను చేస్తుంది. కూతురు సరే అంటే పుస్తకం అచ్చుకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత అక్షరం కూడా మార్చడానికి ఉండదు.

ఈ రోజే గురువారం.

కూతురు కూడా లైబ్రరీ పనికి వెళ్ళిపోయాక అమ్మమ్మ టీ కలుపుకుని కూర్చుంది. ఆవిడకు బాధకంటే ఎక్కువగా కుతూహలంగా ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, ఈ మూడు రోజులూ ఆవిడకు నిద్ర పట్టనిది పోట్లాట వల్ల కాదు. అందులో ఏముందో తనొక్కదానికే తెలియకపోవడం వల్ల.

మూడున్నరకు మనవరాలు బడి నుంచి వచ్చింది.

"కాళ్ళు కడుక్కుని రావే. పదకొండో అధ్యాయం చదువుదువుగాని."

వసపిట్ట బూటు విప్పుతున్నదల్లా ఆగిపోయింది. ప్రూఫు వచ్చిన రోజు నుంచీ ఇద్దరికీ అదొక అలవాటయింది. బడి నుంచి రాగానే పిల్ల ఒకటో రెండో అధ్యాయాలు ముందేసుకుని, ఇక్కడి భాషలో చూసి పైకి తెలుగులో చెప్పేది. గొంతులు మార్చి, చేతులు తిప్పి, అవసరమైతే లేచి నిలబడి మరీ చెప్పేది. పది అధ్యాయాలు అలా అయ్యాయి. సోమవారం నుంచి ఆగిపోయింది.

"ఇవాళ నాకు హోంవర్క్ ఉంది అమ్మమ్మా."

"రోజూ ఉంటుంది. ఆ పిల్ల సంగతి ఏమైందో తెలియక నాకు ఇక్కడ తిన్నది అరగట్లేదు."

ఆ పిల్ల అంటే నవలలో పిల్ల. పదేళ్ళది. తల్లిదండ్రులకు కొత్త ఊరి భాష రాదు. అందుకని బ్యాంకుకైనా, ఆసుపత్రికైనా, బడిలో టీచరు దగ్గరికైనా ఈ పిల్లే వాళ్ళ మధ్య కూర్చుని అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేస్తుంది. పుస్తకం పేరు కూడా అదే, 'మధ్య కుర్చీ'. ఆ పేరు వినగానే అమ్మమ్మ మొదటి రోజే నవ్వింది. ఆ మాట తమ ఇంటిదే. ఈ ఊరు వచ్చిన కొత్తల్లో ఎక్కడికి వెళ్ళినా మూడు కుర్చీలు, మధ్య కుర్చీ కూతురిది. కాళ్ళు నేలకు అందేవి కావు.

మనవరాలు కాగితాలు తెచ్చింది. క్లిప్పు తీయడానికి చాలాసేపు పట్టింది.

"వాళ్ళమ్మ కుట్టుదుకాణంలో పనికి చేరింది కదా. అంచులు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం. ఒకరోజు దుకాణాయన ఆవిడకి కొత్త గుడ్డ ఇచ్చి, చిన్నపిల్లల కోటు ఒకటి కత్తిరించి చూపించమన్నాడు."

"ఊఁ."

"కత్తిరించింది. రెండు రోజులకి ఆయన పిలిచాడు. ఆవిడ ఈ అమ్మాయిని తీసుకెళ్ళింది. ముగ్గురూ కూర్చున్నారు."

వసపిట్ట కాగితం తిప్పింది. ఇంకోటి తిప్పింది. పెదవులు కదిలాయిగాని శబ్దం రాలేదు. మరొకటి తిప్పింది. నాలుగోది కూడా తిప్పి, "ఏదో మాట్లాడుకున్నారు. ఇంటికి వెళ్ళిపోయారు," అంది.

"ఆ తర్వాత?"

"అంతే. అధ్యాయం అయిపోయింది."

ఇరవై రెండేళ్ళు బట్టలు బాగుచేసిన మనిషి అమ్మమ్మ. ఎక్కడో కుట్టు విప్పి, ముక్క తీసేసి, మళ్ళీ కలిపి కుట్టిన చోటు ఆవిడ చేతికి తెలిసిపోతుంది. కాగితాలైతే మాత్రం తెలియదా?

"నాలుగు పేజీలకి రెండు ముక్కలేనా?"

"మిగతాదంతా వర్ణన అమ్మమ్మా. ఆకాశం, చెట్లు, అలాంటివి."

"కుట్టుదుకాణంలో చెట్లెక్కడివే?"

పిల్ల నీళ్ళు నమిలింది. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్పినప్పుడు దాని తల్లికీ అంతే, చిన్నప్పటి నుంచీ.

"నాకు చెప్పొద్దని మీ అమ్మ అందా?"

"అమ్మ చెప్పొద్దనలేదు. నేనే అమ్మని నీతో చెప్పమన్నా. చెప్పకుండా అచ్చేస్తే ఊరంతా చదువుతారు, అమ్మమ్మకి తప్ప అందరికీ తెలుస్తుంది, అది తప్పు కదా అన్నా..." అని గబుక్కున నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "నాకు హోంవర్క్ ఉంది."

తలుపు ఈసారి మెల్లిగానే పడింది. కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి.

అమ్మమ్మ వాటిని దగ్గరకు లాక్కుంది. అంకెలు చదవగలదు. నూట పన్నెండు నుంచి నూట పదిహేను దాకా. అంచుల్లో కూతురి పెన్సిల్ గీతలు. ఒకచోట రబ్బరుతో తుడిచి తుడిచి కాగితం నూగులేచిపోయింది. తన కూతురు ఇంతగా తుడిచిన మాట ఏమై ఉంటుందని వేలితో తడిమి చూసింది. వేలికి ఏం తెలుస్తుంది?

లోపలి గదిలోంచి అల్లుడు యూనిఫాం వేసుకుని వచ్చాడు. అతని డ్యూటీ అయిదింటికి.

"ఆ కోటు ఇటియ్యి నాయనా. బొత్తాం వేలాడుతోంది."

"పర్లేదండీ."

"పర్లేదని నువ్వంటే సరా? జనం చూస్తారు."

కోటు చేతికి చిక్కాక అమ్మమ్మ సూదిలో దారం ఎక్కించి, నాలుగు కాగితాలు అతని ముందుకు జరిపింది. "నేను బొత్తాం కుట్టేలోపల ఇది చదివి చెప్పు."

అల్లుడు కాగితాల వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నన్ను ఇందులోకి లాగకండి అత్తయ్యగారూ. ఇంట్లో ఉండాల్సినవాణ్ణి."

"భయమా?"

"భయమేనండీ."

"ఆ కోటు లేకుండా బస్సు ఎక్కనిస్తారా నిన్ను?"

ఎక్కనివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అల్లుడు కూర్చున్నాడు. చదివి చెప్పడంలో వసపిట్టకున్న నేర్పు అతనికి లేదు. దేన్నీ తగ్గించడం, పెంచడం చేతకాదు. వచ్చే స్టాపు పేరు చెప్పినట్టు ఒకే గొంతుతో, ఒక్కో వాక్యం దగ్గరా ఆగి చెప్పుకుపోయాడు.

"దుకాణాయన నవ్వుతూ అన్నాడు. మీ అమ్మ కత్తిరించిన కోటు చూశాను. ఇంత శుభ్రమైన చేయి నా దుకాణంలో ఇంకెవరికీ లేదు. వచ్చే నెల నుంచి కటింగ్ మాస్టరుగా ఆవిణ్ణే పెట్టుకుంటాను. సాయంత్రం ఎనిమిది దాకా ఉండాల్సి వస్తుంది. ఉంటుందేమో అడుగు."

సూది ఒకసారి పైకి వచ్చింది, కిందికి దిగింది.

"ఆ అమ్మాయి వాళ్ళమ్మ వైపు తిరిగి చెప్పింది. నువ్వు కత్తిరించింది ఈయనకి నచ్చలేదట. ఇప్పుడు చేస్తున్న పనే చేసుకోమంటున్నాడు. వాళ్ళమ్మ తల ఊపింది. ఆ అమ్మాయి దుకాణాయన వైపు తిరిగి చెప్పింది. అమ్మకి ఇష్టం లేదట. అంచులు కుట్టుకోవడమే బాగుందట."

అల్లుడు ఆగాడు. అప్పటిదాకా అతను వాక్యాలు చూశాడు గాని అవి ఎవరివో చూడలేదు. ఇప్పుడు తలెత్తి అత్తగారి ముఖం చూశాడు.

"ఇది కథే కదండీ?"

"ఆ పిల్ల ఎందుకలా చెప్పిందో రాసిందా?"

"రాసింది. వాళ్ళమ్మ ఎనిమిది దాకా దుకాణంలో ఉంటే తను సాయంత్రాలు ఇంట్లో ఒక్కతే ఉండాలట. చీకటంటే భయమట. అందుకని."

అమ్మమ్మ దారం కొరికి, కోటు మడిచి అతని చేతిలో పెట్టింది. "వెళ్ళు నాయనా. పొద్దుపోతోంది."

"అత్తయ్యగారూ..."

"నువ్వు చదివావని ఎవరికీ చెప్పన్లే. వెళ్ళు."

అల్లుడు వెళ్ళాక ఆవిడ చాలాసేపు సూదిని చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

అది కథ కాదు. దుకాణాయన నవ్వు కూడా కథ కాదు. ఆ నవ్వు ఆవిడకు ఇన్నేళ్ళుగా గుర్తుంది. ఆ రాత్రి మొగుడితో, "కాదన్నాడుగాని ఎంత మర్యాదస్థుడో, నవ్వుతూనే కాదన్నాడు" అని చెప్పుకుంది కూడా. వారం తిరక్కుండా ఇంకొకామెకు కటింగ్ పని ఇచ్చారు. ఆమె చేతి కింద ఇరవై రెండేళ్ళు అంచులు మడిచింది.

ఊరి నుంచి తెచ్చుకున్న కత్తెరను ఆ వారమే గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పడేసింది. ఆ తర్వాత కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టలేదు. కూతురి పెళ్ళికి జాకెట్టు తాను కుట్టలేదు. మనవరాలు పుడితే గౌను కొట్లో కొని తెచ్చింది. ఎవరైనా "మీరు కుడతారటగా" అంటే, "కుడతాను, కత్తిరించడం రాదు" అనేది. అలా అని అని నిజంగానే నమ్మింది. తనకు రాదనుకుంది.

ఒక్కసారిగా ఆవిడకు ఏడుపొచ్చింది. పదేళ్ళ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. నలభయ్యేళ్ళ కూతురి మీద వచ్చింది. ఊరందరి పిల్లలకూ చెప్పడానికి కూర్చుంది గాని, గోడ అవతలి గదిలో ఉన్న తనకు చెప్పలేదు.

కళ్ళు తుడుచుకుంటూ ఉండగా ఇంకో సంగతి తట్టింది. ఏడుపు దానంతట అదే ఆగిపోయింది.

సాయంత్రాలు ఒక్కతే ఉండడమేమిటి?

ఆ రోజుల్లో తన మొగుడు రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి పని చేసేవాడు. పదింటికి గాని ఇల్లు కదిలేవాడు కాదు. సాయంత్రమంతా ఆయన ఇంట్లోనే. ఆ పిల్ల ఒక్క సాయంత్రం కూడా ఒంటరిగా లేదు.

మరి ఎందుకు చెప్పింది?

అయిదున్నరకు కూతురు పాల ప్యాకెట్లతో వచ్చింది. బల్ల మీద కాగితాలు చూసి ఒక్క క్షణం నిలబడింది. ఏం అడగకుండా వాటిని వరుసలో పెట్టి క్లిప్పు బిగించింది.

"టీ తాగుతావా?" అంది అమ్మమ్మ.

"ఫోను అయ్యాక తాగుతానమ్మా."

"అమ్మాయ్, నీ చిన్నప్పుడు సాయంత్రాలు ఇంట్లో నీ దగ్గర ఎవరుండేవాళ్ళే?"

"నాన్న," అంది కూతురు, పాలు ఫ్రిజ్‌లో పెడుతూ. "అన్నం పెట్టి, పేకాట నేర్పి, నేను గెలిచేదాకా ఓడిపోయేవాడు. ఎందుకూ?"

"ఊరికే అడిగాను."

కూతురి చేయి ఫ్రిజ్ తలుపు మీద ఉండిపోయింది. లోపలి దీపం కూతురి ముఖం మీద పడుతూనే ఉంది. ఫ్రిజ్ గుయ్‌మనడం మొదలుపెట్టాక గాని మూయలేదు.

అంతలో గది తలుపు తెరుచుకుంది. "అమ్మమ్మా, ఇంకా పావుగంటే ఉందని మీ అమ్మాయితో చెప్పు."

"నాకు గడియారం చూడ్డం వచ్చని దానితో చెప్పమ్మా."

"నా వల్ల కాదు," అంది అమ్మమ్మ. "మీకూ మీకూ ఒకే భాష వచ్చు. ఒకటి కాదు, రెండు. మీరే చెప్పుకోండి."

వసపిట్ట చరచరా వచ్చి తల్లి ముందు నిలబడి ఇక్కడి భాషలో అందుకుంది. తల్లి కూడా అదే భాషలో అందుకుంది.

"తెలుగులో పోట్లాడుకోండి! నన్నూ విననివ్వండి!"

ఇద్దరూ ఆగారు. ఇద్దరి చెవులూ ఎర్రగా ఉన్నాయి.

"నీకు ఇదంతా తమాషాగా ఉందా అమ్మా?" అంది కూతురు.

"తమాషాగా లేదు. తెలుసుకోవాలని ఉంది."

"ఏం తెలుసుకోవాలి? అది కథ. కథల్లో కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు."

"ఉన్నవేమిటో తెలిసింది. లేనిదేమిటో తెలియాలి."

కూతురు తన పిల్ల వైపు చూసింది. వసపిట్ట అడ్డంగా తల ఊపింది. "నేను చెప్పలేదు. చెప్పాలనుకున్నా, నోరు రాలేదు."

ఆ మాటకు కూతురి ముఖంలో కోపం కాస్త సడలింది. నోరు రాకపోవడమంటే ఏమిటో ఆవిడకు తెలియనిది కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కూర్చున్నది మళ్ళీ లేచింది. ఏదో అనబోయింది.

ఫోను మోగింది. ఎడిటర్ అయిదు నిమిషాలు ముందే చేసింది.

"ఆవిడతో నేను మాట్లాడతా," అంది అమ్మమ్మ.

"నువ్వా? ఆవిడకి తెలుగు రాదమ్మా."

"నువ్వున్నావుగా. ఫోను అక్కడ పెట్టు. నువ్విక్కడ కూర్చో." అమ్మమ్మ చూపించింది తనకూ, ఫోనుకూ నడుమ ఉన్న కుర్చీని.

కూతురు కూర్చుంది. ఇప్పుడు కాళ్ళు నేలకు అందుతాయి. అయినా కుర్చీ కడ్డీ మీదే పెట్టుకుంది. ఫోను స్పీకరులో పెట్టింది. వసపిట్ట తలుపు చట్రానికి ఆనుకుని నిలబడింది.

"నేను నీ తల్లినని చెప్పు. కుట్టుదుకాణంలో పనిచేశానని చెప్పు. పదకొండో అధ్యాయం విన్నానని చెప్పు."

కూతురి ముఖం పాలిపోయింది. "ఎవరు చదివారు?"

"చెప్పమన్నది చెప్పు."

చెప్పింది. ఫోనులోంచి ఒక ఆడగొంతు సంబరంగా ఏదో అంది.

"నీ గొంతు విన్నందుకు సంతోషమట. ఆ అధ్యాయం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుందట. పుస్తకానికి అదే ప్రాణమట."

అమ్మమ్మ తలుపు వైపు చూసింది. వసపిట్ట అవునని తల ఊపింది.

"సరే. ఇప్పుడు ఇది చెప్పు. అందులో పిల్ల చెప్పిన కారణం అబద్ధం. ఆ పిల్ల నాన్న రాత్రి పదింటిదాకా ఇంట్లోనే ఉండేవాడు. అసలు కారణం పెట్టకుండా ఆ పుస్తకం అచ్చెయ్యొద్దని చెప్పు."

కూతురు చెప్పలేదు. బల్ల మీద రెండు చేతులూ బోర్లించి, వాటి వైపే చూస్తూ కూర్చుంది. ఫోనులో గొంతు ఏదో అడిగింది. తర్వాత కూతురు మాట్లాడటం మొదలుపెట్టింది.

అమ్మమ్మ చెప్పింది మూడు ముక్కలు. కూతురు ఆగకుండా మాట్లాడుతోంది. గొంతు క్రమంగా తగ్గుతోంది. ఆ ప్రవాహంలో అమ్మమ్మకు దొరికినవి రెండే మాటలు, దుకాణంలో విన్నవి. ఒకటి కత్తెర. ఇంకోటి కిటికీ.

తలుపు దగ్గర వసపిట్ట కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. సోమవారం నాడు ఆ పిల్లకు కూడా ఇంత సంగతి తెలియదని ఆ కళ్ళే చెబుతున్నాయి.

"ఏమంటోందే?" అంది అమ్మమ్మ.

వసపిట్ట తల్లి వైపు చూసింది.

"చెప్పు," అంది తల్లి, తల తిప్పకుండానే. మూడు రోజుల్లో పోట్లాటకు కాకుండా కూతురితో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. "ఏదీ వదలకుండా చెప్పు."

"కత్తిరించే బల్ల దుకాణంలో ముందు కిటికీ దగ్గర ఉండేదట," అంది వసపిట్ట మెల్లగా. గొంతులు మార్చలేదు, చేతులు తిప్పలేదు. "పెద్ద అద్దం. రోడ్డు మీదికట. అమ్మ క్లాసు పిల్లలందరూ ఆ దారినే వెళ్ళేవాళ్ళట. వెనక గదిలో అంచులు కుడితే ఎవరికీ కనపడవట నువ్వు. కిటికీ దగ్గరైతే సాయంత్రం దాకా అందరికీ కనపడతావట. నువ్వు గుండుసూదులు నోట్లో పెట్టుకుని నిలబడతావు కదా, ఒకసారి బడికి అలాగే వచ్చావట. ఒకమ్మాయి పెన్సిళ్ళు నోట్లో పెట్టుకుని నీలాగా నడిచి చూపించిందట. అందరూ నవ్వారట." పిల్ల తల్లి వైపు ఒకసారి చూసింది. "అమ్మ కూడా నవ్విందట."

అమ్మమ్మకు ఆ కిటికీ కళ్ళకు కట్టింది. దాని కింద పడే వెలుతురు, ఆ వెలుతురులో పరిచిన కొత్త గుడ్డ. ఎన్నిసార్లు వెనక గది తలుపులోంచి దాని వైపు చూసిందో లెక్కలేదు.

ఫోనులో గొంతు మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి సంబరం లేదు, నెమ్మదిగా అడిగింది. కూతురు తెలుగులో చెప్పలేదు.

"నిన్నే అడుగుతోంది అమ్మమ్మా," అంది వసపిట్ట. "ఇప్పుడు చెప్పినట్టే మార్చి రాయడానికి నీకు ఇష్టమేనా అని. నువ్వు సరే అంటే అచ్చు ఇంకో రెండు వారాలు ఆపుతుందట. వద్దంటే ఆ అధ్యాయమే తీసేస్తుందట."

ఈ దేశం వచ్చాక ఒకరు తనను ఒక మాట అడగడం, ఆ అడిగింది తనదాకా వచ్చి చేరడం, అమ్మమ్మకు చాలా కొత్తగా అనిపించింది. ఆవిడ కూతురి వైపు తిరిగింది. కూతురు తల ఎత్తలేదు.

"నువ్వు ఫోనులో ఆవిడతో చెప్పావు," అంది అమ్మమ్మ. "నీ కూతురు నాతో చెప్పింది. నువ్వు నాతో ఇంకా చెప్పలేదు."

"అంతా విన్నావు కదమ్మా."

"విన్నాను. నీ నోట వినలేదు. ముందు నువ్వు నాతో చెప్పు, తెలుగులో. ఆ తర్వాత ఆవిడకి ఏం చెప్పాలో చూస్తాను."

ఎడిటర్ రెండుసార్లు హలో అంది. వసపిట్ట కదలలేదు. ఆ మాట అందించడానికి ఎవరూ లేరు.

కూతురు కుర్చీ కడ్డీ మీంచి కాళ్ళు కిందికి దించింది. తల్లి వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. పుస్తకాల నిండా మాటలు రాసిన మనిషికి మొదటి మాట దొరకడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మా," అంది.

అమ్మమ్మ ఆ తర్వాతి మాట కోసం చూస్తోంది.